సంతానం కోసం నిరీక్షణ: చికిత్స, సంప్రదింపు, తవక్కుల్

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన మన్నింపునే వేడుకొంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ఇళ్లలో కూర్చొని మైకు ద్వారా ఈ మాటలు వింటున్న తల్లులారా, సోదరీమణులారా!

నేటి విషయం మింబరు మీద అరుదుగా వినిపిస్తుంది. సిగ్గు పేరిట మనం దీనిని దాచిపెట్టాము. దాచిన చోట బాధ మాత్రం దాగలేదు. అది మన ఇళ్లలో, ముఖ్యంగా మన కోడళ్ల గుండెల్లో పెరుగుతూనే ఉన్నది. అది సంతానం లేని దంపతుల విషయం.

కొన్ని వారాల క్రితం ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక యువకుడు నా దగ్గరికి వచ్చాడు. అతని భార్య మా ఇంట్లో నా భార్య పక్కన కూర్చొని మాట్లాడింది. వారి అనుమతితోనే, వారెవరో తెలియకుండా ఈ సంగతి చెబుతున్నాను. వివాహమై ఆరేళ్లు గడిచాయి. నిజామాబాద్‌లో పరీక్షలు జరిగాయి. ఇద్దరి రిపోర్టులూ సవ్యంగానే ఉన్నాయి. అయినా గర్భం నిలవలేదు. వైద్యురాలు దీనిని కారణం తెలియని సంతానలేమి అన్నది. కావాలనుకొంటే లాపరోస్కోపీ చేసి కడుపు లోపల ఏమున్నదో చూడవచ్చునని చెప్పింది.

భర్త అడిగాడు: “హజ్రత్, రిపోర్టులన్నీ బాగున్నప్పుడు కోయించుకోవడం అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడం అవుతుందా? కోయించుకోకపోతే ప్రయత్నం మానుకొన్న దోషం మాకు వస్తుందా?”

భార్య అడిగిన ప్రశ్న వేరు. “హజ్రత్, నాకు భయమైతున్నది. వద్దంటే, దీనికి పిల్లలు వద్దంట అంటరు. సరే అంటే, లోపల ఏదన్నా బయటపడితే, చూసిన్రా, లోపం దీనిదే అంటరు. నేనేమనాలె?”

సోదరులారా! ఆ రాత్రి నేను వెంటనే జవాబు చెప్పలేదు. అందుకు కారణం నా పాత తప్పు ఒకటి.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం నేను బోధన్ వైపు ఒక ఊరిలో ఇమామత్ చేస్తుండేవాణ్ణి. నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ దారిన చెరకు బండ్లు వరుసకట్టి నిలబడే రోజులవి. ఒక తల్లి తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చింది. పెళ్లై నాలుగేళ్లు, పిల్లలు లేరు, అత్తవారింట్లో మాటలు పడలేకపోతున్నది. నేను చదువుకోవలసిన దుఆలు చెప్పాను. సబ్ర్ వహించమన్నాను. పంపించివేశాను. అల్లుడు పరీక్ష చేయించుకొన్నాడా అని అడగలేదు. అల్లుడు ఎక్కడ ఉంటాడని కూడా అడగలేదు. అతను గల్ఫ్‌లో ఉంటాడు. ఆ నాలుగేళ్లలో రెండుసార్లు, రెండేసి నెలల సెలవు మీద మాత్రమే ఇంటికి వచ్చాడు. కొద్ది కాలానికి ఆ అమ్మాయికి తలాఖ్ అయింది. తరువాత మరొకరితో నికాహ్ జరిగింది. ఏడాది తిరిగేసరికి ఆమె బిడ్డను ఎత్తుకొన్నది. ఆ వార్త విన్న రోజున నేను అల్హమ్దులిల్లాహ్ అన్నాను. ఆ వెంటనే తలవంచుకొన్నాను. నేను చెప్పిన దుఆలలో లోపం లేదు. నేను అడగవలసిన ప్రశ్నలు అడగకపోవడంలో లోపం ఉన్నది.

అందుకే నేడు మీ ముందు నాలుగు విషయాలు విడమరచి చెప్పదలచుకొన్నాను.

మొదటిది: సంతానలేమి శిక్ష కాదు, అవమానం కాదు

దివ్య ఖుర్ఆన్‌లోని అష్‌షూరా సూరా చివరి భాగంలో అల్లాహ్ మనుషులను నాలుగు విధాలుగా పేర్కొన్నాడు. కొందరికి కుమార్తెలను, కొందరికి కుమారులను, కొందరికి ఇద్దరినీ ప్రసాదిస్తాడు. మరికొందరిని సంతానం లేనివారుగా ఉంచుతాడు. ఈ నాలుగూ ఆయన జ్ఞానంతో, ఆయన శక్తితో జరిగేవేనని అక్కడే తెలియజేశాడు. నాలుగవ వర్గం వారిని ఆయన నిందించలేదు. అల్లాహ్ నిందించని వారిని నిందించే అధికారం మనకెవరిచ్చారు?

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్‌హా) కు సంతానం కలుగలేదు. ఆమె తన మనసులోని మాట చెప్పుకొన్నప్పుడు, తన సోదరి కుమారుడైన అబ్దుల్లాహ్ పేరు మీదుగా ఉమ్మె అబ్దుల్లాహ్ అనే కునియత్ పెట్టుకోమని దైవప్రవక్త (స) ఆదరంగా చెప్పారు. ఆ మహనీయురాలి ద్వారా ఈ సమాజానికి చేరిన హదీసులు రెండు వేలకు పైబడినవి. హజ్రత్ ఖదీజా (ర), హజ్రత్ మారియా (ర) ల ద్వారా తప్ప దైవప్రవక్త (స) కు సంతానం కలుగలేదు. మరి తక్కిన విశ్వాస మాతలలో ఎవరిని మీరు తక్కువ చేసి మాట్లాడగలరు? మన వీధిలో ఒక స్త్రీని “గొడ్రాలు” అని పిలిచే నోరు ఆ మాట ఎంతదూరం పోతుందో ఆలోచించుకోవాలి.

హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలో, ఎముకలు సడలిన స్థితిలో, రహస్యంగా, మెల్లని స్వరంతో తన ప్రభువును వేడుకొన్నారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఆశ వదులుకోరాదు. ఈ బాధ ఊరందరి ముందు విప్పవలసినది కాదు. వలీమాలో, అఖీఖాలో, బస్టాండులో ఎదురుపడిన ప్రతిచోటా “ఏమైనా విశేషమా?” అని అడిగేవారు ఈ రెండవ పాఠాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి.

రెండవది: చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు

పల్లెవాసులు కొందరు వచ్చి, మేము మందులు వాడవచ్చునా అని దైవప్రవక్త (స) ను అడిగారు. వాడమనే ఆయన సమాధానమిచ్చారు. ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని వివరించారు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమని మరొక సందర్భంలో ఉపదేశించారు. శస్త్రచికిత్స మన చరిత్రకు పరాయిదేమీ కాదు. అందలూసియాలో 1013 ప్రాంతంలో మరణించిన అబుల్ ఖాసిమ్ అజ్‌జహ్రావీ తన ముప్ఫై భాగాల వైద్య గ్రంథంలో శస్త్రచికిత్స పరికరాలను బొమ్మలు వేసి మరీ వివరించాడు. స్త్రీల పరీక్షకు, ప్రసవానికి పనికివచ్చే సాధనాలు అందులో ఉన్నాయి.

మత్తు మందు అంటే భయపడే సోదరీమణులకు మన నేలకు చెందిన ఒక సంగతి చెబుతాను. 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాద్‌లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ కాలంలో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి, రోగులకు మత్తు ఇచ్చే పనిలో పేరు తెచ్చుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఒక స్త్రీయే. ఆ కమిషన్లు చేరిన నిర్ణయాలలో కొన్నింటిని తరువాతి పరిశోధనలు సరిదిద్దాయి. వైద్యం అలాగే ముందుకు సాగుతుంది. కాబట్టి భయపడడం తప్పు కాదు. భయం కలిగినప్పుడు తెలిసినవారిని అడగడం మన ధర్మం.

అయితే ఇక్కడ ఒక భేదం గమనించాలి. ప్రాణాపాయంలో చికిత్స విడిచిపెట్టడం ఒక విషయం. తప్పక ఫలితమిస్తుందన్న నిశ్చయం లేని చికిత్సను వద్దనుకోవడం మరొక విషయం. ఈ రెండవదానిలో చేయించుకొన్నవారికి దోషం లేదు, మానుకొన్నవారికీ దోషం లేదు. ఆ యువకుని ప్రశ్నకు నా జవాబు ఇదే.

మూడవది: తెలుసుకొని నిర్ణయించాలి

నేను వైద్యుణ్ణి కాను. తెలిసినవారిని అడిగి తెలుసుకొన్నదే చెబుతున్నాను. పన్నెండు నెలలు క్రమంగా దాంపత్యం సాగించినా గర్భం రాకపోతేనే దానిని సంతానలేమి అంటారు. గల్ఫ్ నుండి రెండేళ్లకొకసారి వచ్చే భర్త, ఇక్కడ ఎదురుచూసే భార్య — వీరి పెళ్లి కాలాన్ని ఏళ్లలో కాదు, కలిసి ఉన్న నెలలలో లెక్కించాలి. మన నిజామాబాద్ జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కలిసి ఉన్నది నాలుగు నెలలే అయినప్పుడు ఆమెకు పేరు పెట్టడం దౌర్జన్యం. ఇది మన ఊరి దంపతుల బాధ మాత్రమే కాదు. ప్రపంచంలో సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

అండం విడుదల అవుతున్నదా, గర్భనాళాలు తెరచి ఉన్నాయా, గర్భసంచి సవ్యంగా ఉన్నదా, భర్త వీర్యం సరిగా ఉన్నదా — ఇవన్నీ చూసిన తరువాత కూడా ఏమీ దొరకకపోతే కారణం తెలియని సంతానలేమి అంటారు. కారణం లేదని దాని అర్థం కాదు. ఆ పరీక్షలకు కనిపించలేదని మాత్రమే అర్థం. చికిత్స ఏమీ లేకుండానే తరువాత గర్భం వచ్చే దంపతులు వీరిలో ఉంటారు.

భర్తలారా! మీ పరీక్షకు కోత లేదు, మత్తు లేదు. రెండు నుండి ఏడు రోజుల నియమం పాటించి నమూనా ఇస్తే సరిపోతుంది. చికిత్స అవసరం ఉన్నందున దీనికి ఉలమా అనుమతి ఇచ్చారు. భర్త ఈ చిన్న పరీక్షకు సిగ్గుపడి, భార్యను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టడం న్యాయం కాదు. మీ పరీక్ష కాకముందు ఆమె కడుపు మీద గాటు పడకూడదు.

ఇక లాపరోస్కోపీ సంగతి. పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు గాటు పెడతారు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, సన్నని గొట్టంతో కెమెరా పంపుతారు. రంగు ద్రవం ఎక్కించి అది గర్భనాళాల నుండి బయటికి వస్తున్నదో లేదో చూస్తారు. గర్భసంచి లోపలి పొర వంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, పేగులకు నాళాలకు మధ్య అతుకులు, మన దేశంలో మరచిపోరాని క్షయవ్యాధి గుర్తులు — స్కానింగ్‌లో దొరకనివి ఇందులో కనిపించవచ్చు. చాలామంది అదే రోజు, లేదా మరునాడు ఇంటికి వస్తారు. కొన్ని రోజులు భుజం నొప్పి ఉండవచ్చు. అది వాయువు వల్ల వచ్చేది. రక్తస్రావం, చీము పట్టడం, పేగుకో మూత్రాశయానికో రక్తనాళానికో గాయం కావడం — ఇవి అరుదు, కాని అసాధ్యం కాదు.

మరి చేయించుకోవాలా? యూరప్‌లోని సంతానవైద్య నిపుణుల సంఘం 2023లో వెలువరించిన మార్గదర్శకాలలో, ఈ స్థితిని నిర్ధారించడానికి అందరికీ అలవాటుగా లాపరోస్కోపీ చేయాలని సిఫారసు చేయలేదు. నెలసరిలో భరించలేని నొప్పి, దాంపత్యంలో నొప్పి, గతంలో కడుపు లోపల చీము లేదా క్షయ, పాత ఆపరేషన్, నాళాల ఎక్స్‌రేలో అనుమానం — ఇలాంటివి ఉన్నప్పుడు దాని అవసరం పెరుగుతుంది. 1997లో కెనడా వైద్యులు 341 మంది స్త్రీల మీద జరిపిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. వారందరికీ తేలికపాటి ఎండోమెట్రియోసిస్ ఉన్నది. కెమెరాతో చూసినప్పుడే దానిని తొలగించిన వారిలో, ఆ తరువాతి 36 వారాలలో గర్భం దాల్చి, ఆ గర్భం 20 వారాలు దాటినవారు నూటికి సుమారు 31 మంది. కేవలం చూసి వదిలినవారిలో నూటికి సుమారు 18 మంది. అంటే కొందరికి మేలు ఉన్నది. కాని తొలగించిన తరువాత కూడా ఆ వ్యవధిలో ఆ గడప దాటనివారే ఎక్కువమంది. ఈ రెండు మాటలూ కలిపి వినాలి.

కాబట్టి వైద్యురాలిని ఇవి అడగండి. నా విషయంలో దీని అవసరం ఎందుకు? ఏదైనా కనిపిస్తే అప్పుడే సరిచేస్తారా? ఏమీ కనిపించకపోతే తరువాతి అడుగు ఏమిటి? ఇది చేయకుండా నేరుగా మరొక చికిత్సకు పోవచ్చునా? నా వయసుకు ఇంకా ఎంత కాలం ఆగవచ్చు? ఖర్చు ఎంత? ఫలితం ఏదైనా తరువాతి అడుగు ఒకటే అయితే, ఆ కోత ఎందుకో మరొకసారి ఆలోచించండి. వీలైతే రెండవ వైద్యురాలి అభిప్రాయం తీసుకోండి. స్త్రీల చికిత్సకు స్త్రీ వైద్యురాలు దొరికితే అదే మేలు. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యునికి అనుమతి ఉన్నది.

ఆ అమ్మాయి నా భార్యతో మాట్లాడుతూ ఒక మాట చెప్పింది. నెలసరి వచ్చిన రోజుల్లో లేవలేనంత నొప్పి తనకు పెళ్లికి ముందు నుండే ఉన్నదట. వైద్యురాలికి ఎందుకు చెప్పలేదంటే, ప్రతిసారీ అత్తగారు పక్కనే కూర్చొనేవారట. ఆరేళ్ల పరీక్షలలో అన్నిటికంటే అవసరమైన మాట సిగ్గు చేత బయటికి రాలేదు. అత్తగారు మంచి మనసుతోనే వెంట వెళ్లి ఉంటారు. కాని వైద్యురాలి గదిలో కొంతసేపైనా ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వాలి.

నాలుగవది: ఆమె సమ్మతి లేనిదే నిర్ణయం లేదు

దైవప్రవక్త (స) హుదైబియా సందర్భంలో హజ్రత్ ఉమ్మె సలమా (ర) సలహా విని ఆచరించారు. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా భార్యాభర్తలు ఇద్దరూ సంప్రదించుకొని, సమ్మతించి నిర్ణయించుకోవాలని ఖుర్ఆన్ నేర్పుతున్నది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, కడుపు మీద గాటు పెట్టడానికి అవసరం లేదా? ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1992లో జిద్దాలో, వివేకం ఉన్న వయోజన రోగికి చికిత్స చేయాలంటే ఆ రోగి అనుమతి అవసరమని నిర్ణయించింది.

మన దేశ చట్టం చెప్పేదీ అదే. 1995లో ఢిల్లీలో ఒక స్త్రీ లాపరోస్కోపీ పరీక్షకు సంతకం చేసింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చొన్న తల్లి అనుమతి తీసుకొని గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: పరీక్షకు ఇచ్చిన సమ్మతి తొలగింపుకు సమ్మతి కాదు, ప్రాణం కాపాడే తక్షణ అవసరం లేనప్పుడు, స్పృహ వచ్చేదాకా ఆగి ఆ స్త్రీనే అడగాలి. కన్నతల్లి సంతకమే చాలనప్పుడు అత్తమామల ఒత్తిడి ఎలా చాలుతుంది? సంతకం చేసే ముందు కాగితం చదివించుకోండి. దేనికి ఒప్పుకొంటున్నారో, దేనికి ఒప్పుకోవడం లేదో స్పష్టంగా రాయించండి.

ఆ అమ్మాయి “నేనేమనాలె?” అని అడిగింది కదా. నా జవాబు ఇది: అమ్మా, నీ మనసులో ఉన్నదే అనాలె. భయమైతే భయమని చెప్పు. సరే అనడం, వద్దనడం, ఇంకొంత ఆగుదామనడం — మూడూ నీ హక్కే. ఏది బయటపడినా అది అల్లాహ్ నుండి వచ్చిన స్థితి. నీ నేరం కాదు.

ఇస్తిఖారా గురించి ఒక మాట. దైవప్రవక్త (స) దీనిని ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా సహచరులకు నేర్పారని హజ్రత్ జాబిర్ (ర) తెలిపారు. రెండు రకాతులు చదివి, మేలు ఎందులో ఉంటే అది సులభం చేయమని వేడుకోవడమే ఇస్తిఖారా. కల రావాలన్న షరతు లేదు. కలలో పచ్చరంగు కనిపించలేదని ఆగిపోనవసరం లేదు. భార్యాభర్తలు ఇద్దరూ చదవండి, వైద్యులతో సంప్రదించండి, మనసు స్థిరపడిన వైపు అడుగు వేయండి.

శస్త్రచికిత్స చేయించుకొనేవారికి కొన్ని మసలాలు. మత్తుతో స్పృహ పోతే వుజూ భంగమవుతుంది. ఆ సమయంలో తప్పిన నమాజును తరువాత ఖజా చేసుకోవాలి. నీరు తగిలితే హాని అన్నప్పుడు కట్టు మీద మసహ్ చాలు. లేవలేనివారు కూర్చొని నమాజు చేయవచ్చు. చికిత్స ముందుకు సాగితే దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. భార్యాభర్తల సొంత బీజాలతో, వారి నికాహ్ నిలిచి ఉండగా జరిగే చికిత్సకు అనుమతి ఉన్నదని 1980లో అల్ అజ్‌హర్ నుండి ఫత్వా వెలువడింది. మూడవ వ్యక్తి బీజానికి అనుమతి లేదన్నది. 1986లో ఫిఖ్‌హ్ అకాడమీ కూడా అదే మార్గం చూపింది.

సోదరులారా! కొడుకు రెండవ పెళ్లి మాట ఎత్తే ముందు, కోడలిని పుట్టింటికి పంపే ముందు, పెద్దలు నేను పైన చెప్పిన ప్రశ్నలు తమను తాము వేసుకోవాలి. ఆపరేషన్ కోసం ఆమె మెడలోని నగ అమ్మించే ముందు కొడుకు రిపోర్టు ఎక్కడున్నదో అడగాలి. ఇక అన్ని ప్రయత్నాల తరువాత కూడా అల్లాహ్ సంతానం ఇవ్వకపోతే, ఆ ఇల్లు అసంపూర్ణం కాదు. అనాథను పోషించేవాడు స్వర్గంలో నాకు ఇంత దగ్గరగా ఉంటాడని దైవప్రవక్త (స) రెండు వేళ్లు చూపి తెలిపారు. బిడ్డ వంశం పేరు మార్చకుండా, ప్రేమలో లోటు లేకుండా పెంచే ఆ ద్వారం ఎప్పుడూ తెరచే ఉన్నది.

ఆ దంపతులు చివరికి ఏమి నిర్ణయించుకొన్నారని మీలో కొందరికి అడగాలనిపించవచ్చు. వారు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకొని మళ్లీ వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. ఈసారి ఆమె తన నొప్పి సంగతి తానే చెప్పింది. తరువాతి నిర్ణయం వారిద్దరిది. అది మింబరు మీద చెప్పవలసినది కాదు. మీరు వారెవరో వెతకకండి, వారి కోసం దుఆ చేయండి.

ఓ అల్లాహ్! సంతానం కోసం ఎదురుచూసే మా సోదరీ సోదరులకు నీ కృపతో కంటి చలువ అయిన సంతానాన్ని ప్రసాదించు. ఇవ్వకుండా ఉంచిన వారికి నీ సామీప్యాన్ని, తృప్తిని ప్రసాదించు. వారి నిర్ణయాలలో వారికి మార్గం చూపు. వైద్యుల చేతుల్లో స్వస్థతను ఉంచు. భార్యాభర్తల మధ్య ప్రేమను, కరుణను నిలుపు. పరుల హృదయాలను గాయపరచే మాటల నుండి మా నాలుకలను కాపాడు. తెలియక మేము చేసిన అన్యాయాలను, అడగవలసినది అడగక మేము చేసిన తప్పులను మన్నించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.